లోపల ఖాళీగా ఉంది

ఆమెకు అసలు పేరు ఒకటుంది. అది డిపో హాజరుపట్టీలో భద్రంగా ఉంది, అక్కడినుంచి దాన్ని ఎవరూ బయటికి తీయలేదు. డ్రైవర్లకీ, మెకానిక్కులకీ, చివరికి మేనేజరుగారికి కూడా ఆమె మైకమ్మ. ఇరవై రెండేళ్ళ కండక్టరు ఉద్యోగంలో ఆమె మైకు పట్టుకున్న పాపాన పోలేదు. ఆ అవసరమే రాలేదు. ముందు తలుపు దగ్గర నిలబడి నోరు తెరిస్తే, వెనక సీట్లో కునుకుతున్నవాడు ఉలిక్కిపడి లేచి తన స్టాపు దాటిపోలేదు కదా అని కిటికీలోంచి చూసుకునేవాడు.

రోజంతా ఆమె అరిచే అరుపుల్లో సగం ఒకటే మాట. "ముందుకు జరగండి, లోపల ఖాళీగా ఉంది!" అది పచ్చి అబద్ధమని ఎక్కేవాళ్ళకి తెలుసు, ఎక్కేసినవాళ్ళకి ఇంకా బాగా తెలుసు. అయినా జరిగేవాళ్ళు. ఆ గొంతులో ఏముందో గానీ, లేని చోటు కూడా ఎక్కడినుంచో పుట్టుకొచ్చేది. మిగతా పనంతా తాడుది. బస్సు కప్పు పొడుగునా కట్టిన తాడు ఒకసారి లాగితే డ్రైవరు దగ్గర గంట ఒకసారి మోగుతుంది, ఆపమని. రెండుసార్లు లాగితే పోనిమ్మని. సింగిల్ బెల్లు, డబుల్ బెల్లు. తొమ్మిదేళ్ళుగా ఆమె బండి నడుపుతున్న డ్రైవరు, "నేను అద్దంలో చూసేదేం లేదు. మైకక్క డబుల్ బెల్లు కొడితే కళ్ళు మూసుకునైనా పోనిస్తా" అని గొప్పగా చెప్పుకునేవాడు. ఆ మాట ప్రయాణికుల చెవిన పడకపోవడం మంచిదైంది.

ఇలాంటి మనిషికి దేవుడు ఎలాంటి మొగుణ్ణి ఇవ్వాలో అచ్చం అలాంటివాణ్ణే ఇచ్చాడు. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. బస్సు పోయే రోడ్డు మీదే కొట్టు. ఇద్దరు నిలబడితే మూడోవాడు బయట ఆగాలి, అంత కొట్టు. కంటికి భూతద్దం బిగించుకుని, ఊపిరి బిగబట్టి, ఆవగింజలో సగం ఉండే మరను పట్టకారుతో ఎత్తి దాని చోట కూర్చోబెట్టాలి. మాట్లాడితే చెయ్యి అదురుతుంది. అందుకని ఆయన కొట్లో మూడు మాటలే వాడేవాడు. "ఏమైంది?" "గురువారం రండి." "తడవనీయకండి." ఇంట్లో ఆ మూడు కూడా అవసరం పడేవి కావు. ఆయన "ఇవాళ కొట్లో..." అని ఎత్తుకుంటే, "కరెంటు పోయింది, అంతేగా? మా డిపోలోనూ పోయింది" అని ఆవిడ ముగించేది. ఆయన చెప్పబోయింది కరెంటు సంగతి కాదు. అయినా కాదనేవాడు కాదు. ఇద్దరికీ కలిపి రాసిపెట్టిన మాటలన్నీ ఆవిడే వాడేసుకుంటోందని ఇరుగుపొరుగు నవ్వుకునేవాళ్ళు.

ఆ గొంతు ఒకరోజు మూడో ట్రిప్పులో తెగింది. "లోపల" అన్నది వచ్చింది, "ఖాళీగా" అన్నది రాలేదు. గాలి మాత్రం వచ్చింది. వారం రోజులు వేడినీళ్ళు పుక్కిలించి, బిళ్ళలు చప్పరించి నెట్టుకొచ్చింది. చివరికి గొంతు డాక్టరు సన్నటి గొట్టం దించి చూశాడు.

"శబ్దం పుట్టే చోట రెండువైపులా కాయలు కాశాయమ్మా. పార పట్టేవాడి అరిచేతుల్లో కాస్తాయి చూశారా, అలాంటివే. పదిహేను రోజులు ఒక్క మాట ఆడకూడదు. గుసగుసలు కూడా వద్దు. తగ్గితే సరే. తగ్గకపోతే కొయ్యాలి. కోశాక గొంతు ఇదివరకటిలాగే ఉంటుందని నేను మాటివ్వలేను."

గొంతు మారితే పని మారుతుంది. బస్సుల్లో మరిచిపోయిన గొడుగులు, టిఫిను డబ్బాలు దాచే గది ఒకటి డిపో వెనకాల ఉంది. బండి మీద పనికిరాని కండక్టర్లను అందులో కూర్చోబెడతారు. గొడుగులతో మాట్లాడే పనేముంది?

మొదటి మూడు రోజులు ఆమె పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే "పాలు పాలు" అని అరవడానికి లేదు, పరిగెత్తాలి. నాలుగోరోజు స్టీలు గ్లాసు, చెంచా చేతికి తీసుకుంది. ఒకసారి కొడితే ఆగమని, రెండుసార్లు కొడితే కానిమ్మని. ఎవరూ నేర్పకుండానే భర్తకు అర్థమైంది. ఆయన కూర వడ్డిస్తుంటే చాలని ఒకటి, ఆయన కొట్టుకు బయల్దేరేటప్పుడు రెండు. అలా ఇల్లు నడిచింది.

ఐదోరోజు పక్కింటావిడ గిన్నె ఇవ్వడానికి వచ్చింది. "ఏమనుకోకండి వదినగారూ, ఈ నాలుగు రోజులూ మీ ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో! మా అమ్మాయి చదువు కూడా సాగుతోంది" అంది. మనిషి మంచిదే, మనసులో ఏమీ లేదు. కానీ ఆ మాట మైకమ్మకు ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది.

అప్పటినుంచి భర్తను కనిపెట్టి చూడటం మొదలుపెట్టింది. ఆయన నిదానంగా అన్నం తింటున్నాడు. చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. పైగా మాట్లాడుతున్నాడు! కొట్టుకు వచ్చిన ముసలాయన తెచ్చిన గోడగడియారం గురించి ఒకపూట పావుగంట చెప్పాడు, మొదలూ చివరా ఉన్న కథలాగా. ఇన్నేళ్ళలో ఆయన వాక్యం ఒకటి చుక్క దాకా వెళ్ళడం ఆవిడ విన్నది అదే మొదలు. వినడానికి బాగుంది. బాగుండటమే ఆమెను కలవరపెట్టింది. తన గొంతు పోతే ఈయనకు హాయేనేమో! ఉద్యోగం సంగతి ఎలాగో సర్దుకోవచ్చు, గొడుగుల గదిలోనైనా కూర్చోవచ్చు. కానీ గొంతు వచ్చినా వద్దనుకునే ఇంట్లో ఇక ఆ గొంతెందుకు? ఈ ప్రశ్న ఆయన్ను అడగాలంటే నోరు కావాలి. ఒకరోజు కాగితం మీద రాసింది, చదువుకుంది, చింపి పొయ్యిలో పడేసింది.

పదిహేనోరోజు పొద్దున భర్త తలుపు దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"రేపు కదా డాక్టరు దగ్గరికి. ఇవాళ కొట్టు తియ్యను. ఆరామం చూసొద్దామా?"

మైకమ్మ గ్లాసు మీద రెండుసార్లు కొట్టింది.

ఆరామం అంటే బౌద్ధుల గుడి. దాని పక్కనే ఇటుకల స్తూపం, పూర్వం భిక్షువులు ఉన్న గదుల పునాదులు ఉన్నాయి. ఆమె రూటులో చివరినుంచి రెండో స్టాపు. "ఆరామం, ఆరామం వాళ్ళు దిగాలి!" అని ఎన్ని వేలసార్లు అరిచి ఉంటుందో లెక్కలేదు. కెమెరాలు మెళ్ళో వేసుకున్నవాళ్ళను, తెల్లబట్టల వాళ్ళను, కాషాయం కట్టినవాళ్ళను దింపింది. తను మాత్రం ఒక్కసారీ దిగలేదు. బస్సు అక్కడ అరనిమిషం ఆగుతుంది, అరనిమిషంలో చూసే చోటు కాదు అది.

ఆ రోజు తన బస్సులోనే టిక్కెట్టు తీసుకుని కూర్చుంది. బదులు వచ్చిన కండక్టరు కొత్తమనిషి. స్టాపు పేర్లు తన చొక్కా జేబుకు చెప్పుకుంటున్నట్టు చెబుతున్నాడు. ఒకావిడ దిగాల్సిన చోటు దాటిపోయి లబోదిబోమంది. మైకమ్మ మింగలేక కక్కలేక కిటికీ ఊచ గట్టిగా పట్టుకుంది. డ్రైవరు అద్దంలో చూసి, "అక్కా, ఇవాళ నీకు నిజంగా లోపల ఖాళీగా ఉందా?" అని నవ్వాడు. ఆవిడ చూసిన చూపుకి మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు.

గేటు దగ్గర పెద్ద బోర్డు. భర్త భూతద్దం లేకుండానే ఒక్కో అక్షరం చదివి వినిపించాడు. చెప్పులు, టోపీలు ఇక్కడ విడవండి. భుజాలు, మోకాళ్ళు కప్పుకోండి. స్తూపాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని నడవండి. పాత ఇటుకల మీద ఎక్కకండి, కూర్చోకండి. విగ్రహానికి వీపు పెట్టి ఫోటోలు దిగకండి. భిక్షువుల ఫోటో తీయాలంటే ముందు అడగండి. మెల్లగా మాట్లాడండి. చివరిది చదివి ఆయన భార్య వైపు చూశాడు. ఆ ఒక్కదానికి మాత్రం తనంత అర్హురాలు ఇవాళ ఈ ఊళ్ళో లేదన్నట్టు ఆవిడ తల పైకెత్తి లోపలికి నడిచింది. బోర్డు ఆమెకు నచ్చింది. ఇంత బాగా రాసిన బోర్డు బస్సులో ఒక్కటి కూడా లేదు.

స్తూపం చుట్టూ మెల్లగా తిరిగారు. పరిచిన రాళ్ళు ఎందరో నడిచి నడిచి నున్నగా అయిపోయాయి, అరికాళ్ళకు చల్లగా తగిలాయి. పక్కన పాత గదుల పునాదులు రెండు వరసలు, మధ్యలో దారి. బస్సులో సీట్లలాగే ఉన్నాయనుకుంది మైకమ్మ. ఒక్కో గది ఒక్క మనిషి పడుకునేంత. గోడలో దీపం పెట్టుకునే గూడు, మూల నీళ్ళు పోయే సన్నటి తూము. ఇంతే చోటులో బతికి, ఇంతే చోటులో పోయినవాళ్ళు. ఎవరూ ఎవరినీ తోసుకున్నట్టు లేదు. భర్త వంగి ఇటుకల అతుకులు చూస్తూ, చేతులు వెనక్కి కట్టుకుని, "గోరు దూరదు చూడు. గడియారం పని చేసినవాడెవడో పేర్చినట్టున్నాడు" అన్నాడు. ఆయన గొంతులో సంతోషం తొణికింది. పక్కన ఒకాయన ఫోటో కోసం పాత గోడ ఎక్కబోతుంటే మైకమ్మ కనుబొమ్మ ఎగరేసింది. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళ కోసం దాచిన చూపు అది. ఆయన దిగి, బట్టలు దులుపుకుని, క్షమించమన్నట్టు నవ్వాడు.

అంతా బాగానే ఉంది, వరస దగ్గరికి వచ్చేదాకా.

స్తూపం వెనకాల చిన్న రాతిగది ఉంది. అందులో పురాతనమైన చెక్కడం ఒకటి ఉందట. ఇరుకు మెట్లు ఎక్కి ఒక తలుపులోంచి లోపలికి వెళ్ళి ఇంకో తలుపులోంచి బయటికి రావాలి. వరస మెట్ల కింది దాకా నిలిచిపోయింది. ఎండ నెత్తిన పడుతోంది. ఎందుకు కదలడం లేదో మైకమ్మకు ఒక్క చూపులో తెలిసిపోయింది. ముందున్నవాళ్ళు లోపలికి అడుగుపెట్టీ పెట్టగానే గుమ్మంలోనే నిలబడి చూస్తున్నారు. పక్క కిటికీలోంచి చూస్తే గదిలో సగానికి సగం ఖాళీ! ఆమె గొంతులో ఇరవై రెండేళ్ళ మాట ఒకటి పైకి తన్నుకొచ్చింది. పళ్ళు బిగించి దాన్ని కిందికి తోసింది. భర్త "ఏమైంది?" అన్నాడు, కొట్లో అన్నట్టే. ఆవిడ కిటికీ చూపించింది, గుమ్మం చూపించింది, తల కొట్టుకుంది. వరసలో అడుగు ముందుకు పడింది. ఇంకో అడుగు పడింది. మళ్ళీ ఆగింది. సరిగ్గా ఆమె తల పక్కన, పైనుంచి ఒక తాడు వేలాడుతోంది.

తర్వాత జరిగిందాన్ని ఆమె చేసిందనడం అన్యాయం. ఆమె చెయ్యి చేసింది. వెళ్ళింది, పట్టుకుంది, రెండుసార్లు లాగింది.

టంగ్. టంగ్.

ఎంత గంట అది! స్తూపం చుట్టూ తిరిగి వచ్చి చెవుల్లో మోగింది. ఎదుటి మండపం తలుపులు తెరుచుకున్నాయి. లోపల కళ్ళు మూసుకుని ధ్యానంలో కూర్చున్న నలభై మంది, భిక్షువులూ మామూలు జనమూ, కళ్ళు నులుముకుంటూ లేచి వరసగా బయటికి రాసాగారు. వంటింట్లోంచి ఒకావిడ గరిటెతో పరిగెత్తుకొచ్చింది. "అప్పుడే అయిపోయిందా? నా వంట ఇంకా కాలేదే!"

ఆ ఆరామంలో ధ్యానం ముగిసిందని చెప్పడానికి కొట్టేది కూడా రెండు గంటలే. మైకమ్మ ఆ రెండు గంటల్నీ ఒక గంట ముందు కొట్టేసింది.

చేతికి ఆకుపచ్చ పట్టీ కట్టుకున్న పర్యవేక్షకురాలు వచ్చింది. "తాడు ఎవరు లాగారండీ?" ఆమె అరవలేదు, అందుకే ఇంకా భయం వేసింది. వరసంతా ఆకాశం చూస్తోంది. తను లాగడం ఎవరూ చూసినట్టు లేదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకుంటే సరిపోయేది. మైకమ్మ చెయ్యి ఎత్తింది.

"మీరా? ఎందుకండీ?"

అప్పటికి మండపంలోంచి పెద్ద భిక్షువు కూడా వచ్చి నిలబడ్డాడు. బక్కపలచని ముసలాయన, చెవులు కాస్త పెద్దవి. ఆయన్ను చూడగానే మైకమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత పద్ధతైన చోట, ఇంతమంది ప్రశాంతత తను చెడగొట్టింది. కాగితం, కలం ఉన్న సంచి గేటు దగ్గరే చెప్పులతో పాటు ఇచ్చేసింది. తలాడించి చేతులు జోడిస్తే సరిపోదనిపించింది. తప్పు చేసింది చెయ్యే అయినా, క్షమించమని నోటితోనే పైకి అనాలి. ఒక్క మాట. పద్నాలుగున్నర రోజులు ఓర్చుకుంది, ఒక్క మాటకు ఏమవుతుంది? పోతే పోనీ గొంతు, అది ఎవరిక్కావాలి గనక! పెదవులు విడిపోయాయి.

భర్త ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు. నేను చెప్తాను."

కొత్తవాళ్ళ ముందు మూడు మాటలు మించి ఆడని మనిషి ఒక అడుగు ముందుకేశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"స్వామీ, ఈవిడ నా భార్య. బస్సు కండక్టరు. వాళ్ళకి రెండు గంటలంటే పోనీ అని. అక్కడ జనం కదలడం లేదు, లోపల చూస్తే చోటుంది, అలవాట్లో పొరపాటుగా చెయ్యి పోయింది. మామూలుగానైతే నోటితో చెప్పేదే. డాక్టరు మాట్లాడొద్దన్నాడు. పదిహేను రోజులైంది, రేపటిదాకా ఆగాలి. అందుకని..." ఆయన ఆగాడు. అంతటితో ముగించవచ్చు. ఎవరైనా అక్కడే ముగిస్తారు. "ఈవిడ బస్సు నా కొట్టు ముందునుంచి రోజుకి ఎనిమిదిసార్లు పోతుంది స్వామీ. ఎనిమిదిసార్లూ గొంతు వినిపిస్తుంది. ముందుకు జరగండి, లోపల ఖాళీగా ఉంది అని. అది వినిపిస్తే, ఆ, ఉంది, వెళ్తోంది అనుకుని నేను తల వంచి పని చేసుకుంటాను. ఈ పదిహేను రోజులూ అదే బస్సు పోతోంది. గొంతు లేదు. చెయ్యి నిలవడం లేదు నాకు. రెండు గడియారాలు పాడుచేశాను. ఇరవై ఆరేళ్ళలో ఒక్కటి పాడుచెయ్యలేదు నేను. ఇంట్లో ఊరుకుంటే తోచక, ఏదో ఒకటి వాగుతున్నాను, కూనిరాగాలు తీస్తున్నాను. ఆ నిశ్శబ్దం నా వల్ల కావడం లేదు స్వామీ. మీకెలా వీలవుతుందో గానీ."

ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఎవరైనా అడ్డు తగులుతారేమోనని మైకమ్మకు భయం వేసింది. ఎవరూ తగలలేదు. ఆమెకు ఏడుపొచ్చింది. చప్పుడు లేకుండా ఏడవడం పదిహేను రోజుల్లో బాగానే వంటబట్టింది.

పెద్ద భిక్షువు ఆయన చెప్పిందంతా ఓపిగ్గా విని, "ఏమంటుందన్నారు? ఇంకోసారి చెప్పండి" అన్నాడు.

"ముందుకు జరగండి, లోపల ఖాళీగా ఉంది."

ముసలాయన నవ్వాడు. ముందు మూతి బిగించుకున్నాడు గానీ ఆగలేదు, భుజాలు కదిలాయి. "అమ్మా, మేమూ తరతరాలుగా జనానికి చెప్పేది అదే. మా మాట విని ఒక్కడూ జరగడు. నీ మాట విని జరుగుతారంటే నువ్వే నయం." ధ్యానంలోంచి లేచి వచ్చినవాళ్ళు కూడా నవ్వారు. వంటావిడ మాత్రం నవ్వలేదు. గంట ఎవరు కొట్టినా తన పొయ్యి దాని లెక్కలో అదే మండుతుందని చెప్పి వెళ్ళిపోయింది. పర్యవేక్షకురాలు గుమ్మంలో ఆగినవాళ్ళను లోపలికి పంపించింది. వరస కదిలింది.

లోపల గోడకు ఒక రాతిపలక ఉంది. దాని మీద ఒక ఆసనం, ఆసనం ముందు రెండు పాదాల గుర్తులు, రెండువైపులా మొక్కుతున్న మనుషులు. ఆసనంలో ఎవరూ లేరు. పూర్వం బుద్ధుణ్ణి అలాగే చెక్కేవాళ్ళని పక్కన రాసిపెట్టారు. భార్యాభర్తలిద్దరూ గుమ్మం వదిలి గది చివరిదాకా జరిగి, వెనకవాళ్ళకు చోటిచ్చి, చాలాసేపు చూశారు. ఆయన ఏదో చెబుతుంటే ఆవిడ వింది.

మర్నాడు పొద్దున డాక్టరు మళ్ళీ గొట్టం దించి అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. భర్త కుర్చీ అంచున కూర్చున్నాడు.

"కరిగాయమ్మా. పూర్తిగా కాదు, ముప్పాతిక. ఇక కొయ్యక్కర్లేదు. నెల్లాళ్ళు అరవకుండా మెల్లగా మాట్లాడుకోండి, ఆ తర్వాత మీ బస్సు మీరు ఎక్కొచ్చు. మైకు ఒకటి పెట్టించుకుంటే మంచిది. ఏదీ, ఒక మాట అనండి విందాం."

పదిహేను రోజులుగా దాచిన మాటలు ఆమె దగ్గర గాదెడు ఉన్నాయి. పక్కింటావిడకు చెప్పాల్సినవి, డ్రైవరుకు చెప్పాల్సినవి, ఆ కొత్త కండక్టరుకు తప్పకుండా చెప్పాల్సినవి. వాటన్నిటినీ పక్కకు జరిపి భర్త వైపు తిరిగింది. గొంతు బొంగురుగా, కాస్త గరగరమంటూ వచ్చింది. కానీ ఆమెదే.

"ఏవండీ, ఆ పాడుచేసిన రెండు గడియారాలు ఎవరివి?"

"ఒకటి హెడ్‌మాస్టరుగారిది," అన్నాడాయన. తర్వాత ఆగాడు. పదిహేను రోజుల కిందటైతే రెండోది ఎవరిదో ఈపాటికి ఆవిడే చెప్పేసి ఉండేది. ఇప్పుడు ఆయన మొహంలోకి చూస్తూ కూర్చుంది.

"రెండోది నీదే. సెలవే కదా అని తుడవమని ఇచ్చావు చూడు, అది. స్ప్రింగు ఎగిరి ఎటు పోయిందో దొరకలేదు."

మైకమ్మ గుండెల నిండా గాలి పీల్చుకుంది. డాక్టరు కంగారుగా చెయ్యి అడ్డం పెట్టాడు. ఆవిడ ఆ గాలిని అలాగే మెల్లగా వదిలేసింది.

"నవ్వొచ్చా డాక్టరుగారూ?" అని అడిగింది.

నవ్వొచ్చన్నాడు ఆయన.